కోపానికి థెరపీ పనిచేస్తుందా? ఎవరి కోపానికి?

అందరికీ నమస్కారమండి. వెనకాల వినపడుతోందా? సరే.

ముందు ఒక చిన్న సవరణ. బయట ఫ్లెక్సీలో నా పేరు పక్కన డాక్టర్ అని వేసి కింద కోపానికి చికిత్స అని రాశారు, నేను ఎంబీబీఎస్ చదవలేదండి, మందులు రాయను, క్లినికల్ సైకాలజిస్ట్‌ని, మా పని అంతా మాటలతోనే, కాబట్టి ఎవరైనా బీపీ మాత్రల చీటీ తెచ్చుకుని ఉంటే అది జేబులోనే ఉంచుకోండి. (నవ్వులు)

సంఘం వాళ్ళు ఫోన్ చేసినప్పుడు ఒకటే అడిగారు, "మేడం, ఈ యాంగర్ మేనేజ్‌మెంట్ థెరపీ నిజంగా పనికొస్తుందా, లేకపోతే ఇది కూడా డబ్బులు గుంజే వ్యవహారమేనా" అని. మొహమాటం లేకుండా అడిగారు, నాకు నచ్చింది, నేనూ మొహమాటం లేకుండానే చెప్తాను. పనికొస్తుంది. ఎవరికి అన్నదే అసలు సంగతి. తన కోపంతో తనే విసిగిపోయి, ఇది నాకొద్దు బాబోయ్ అని తనంతట తను వచ్చినవాడికి బాగానే పనికొస్తుంది. ఎవరో మెడబట్టి గెంటితే వచ్చినవాడికి అంతంతమాత్రం. ఇక పెళ్ళాన్ని కొట్టి, "ఏం చెయ్యనండీ, కోపమొస్తే నేను మనిషిని కాను" అనేవాడికి, నన్నడిగితే ఇది ఇవ్వాల్సిన వైద్యమే కాదు. వీళ్ళందర్నీ ఒకే గాటన కట్టేసి పనిచేస్తుందా చెయ్యదా అంటే జవాబు రాదు.

కోపం చెడ్డదని మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఎక్కాలతో పాటే పద్యాల్లో బట్టీ పట్టాం, దుర్వాసుడి కథలు విన్నాం. ఆ పద్యం అప్పజెప్పించుకున్న మాస్టారే అదే పూట బెత్తం విరిగేదాకా కొట్టేవారు. (నవ్వులు) అంటే తెలియడం వేరు, రాత్రి తొమ్మిదింటికి అలిసిపోయి ఇంటికొచ్చి, కూరలో ఉప్పు లేదని తెలిసినప్పుడు నోరు అదుపులో ఉండటం వేరు. థెరపీ పనంతా ఆ రెండోదాని మీదే. కోపం తప్పు అని చెప్పడానికి వారం వారం ఫీజు కట్టక్కర్లేదు, అది ఇంట్లో అమ్మ ఫ్రీగా చెప్తుంది.

ఇది ఎక్కడ మొదలైందంటే, అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీలో రేమండ్ నొవాకో అనే సైకాలజిస్ట్ 1975లో ఒక పుస్తకం వేశాడు, కోపాన్ని అదుపు చేసుకోవడానికి ఒక పద్ధతి ప్రకారం ట్రైనింగ్ ఇస్తే ఎలా ఉంటుందో జనం మీద పరీక్షించి రాసిన పుస్తకం. ఆయన పద్ధతి ఇప్పటికీ పెద్దగా మారలేదు. మొదట నీకు కోపం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మీద, ఎలా వస్తుందో నువ్వే గమనించు, తర్వాత దానికి కావాల్సిన పనులు నేర్చుకో, ఆ తర్వాత ఉత్తుత్తి కోపం తెప్పించుకుని ఇక్కడే ప్రాక్టీస్ చెయ్యి, చిన్న కోపంతో మొదలుపెట్టి పెద్దదాకా. అంతే.

లెక్కలు కావాలనే వాళ్ళ కోసం ఒకటి చెప్తాను. 1998లో బెక్, ఫెర్నాండెజ్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన 50 పరిశోధనల్ని కలిపి చూశారు, మొత్తం 1,640 మంది, వాళ్ళలో జైళ్ళలో ఉన్నవాళ్ళున్నారు, కాలేజీ పిల్లలున్నారు, పిల్లల్ని కొట్టే తల్లిదండ్రులున్నారు. ఈ రకం థెరపీ తీసుకున్న సగటు మనిషి, తీసుకోనివాళ్ళలో నూటికి 76 మంది కన్నా మెరుగ్గా ఉన్నాడని తేలింది. మానసిక చికిత్సల్లో ఇది చిన్న ఫలితం కాదండి. కాకపోతే ఇలాంటి పరిశోధనల్లో చాలావాటిలో ఎవరి కోపానికి వాళ్ళే మార్కులేసుకుంటారు, ఇంట్లోవాళ్ళని అడిగితే ఏమంటారో అన్నది వేరే సంగతి, అది మీరు గుర్తుపెట్టుకోవాలి.

సరే, లోపల ఏం జరుగుతుందో చెప్తే మీకు ఎక్కువ అర్థమవుతుంది. ఒకాయన గురించి చెప్తాను, ఆయన ఒప్పుకున్నాకే చెప్తున్నాను, గుర్తుపట్టకుండా కొన్ని మార్చాను కూడా. గుంటూరు వైపు ఎరువులు, పురుగుమందుల షాపు. నలభై దాటాయి. మంచి మనిషి అని ఊళ్ళో పేరు, అప్పు అడిగితే కాదనడు, కానీ కోపం ముక్కు మీద ఉంటుంది. ఎందుకొచ్చారండీ అంటే, "మా చెల్లెలు సంక్రాంతికి రానందండి, అన్నయ్య ఉంటే నేను రాను, పిల్లలు భయపడుతున్నారు అందంట, మా అమ్మ చెప్పింది" అన్నాడు. కొట్టాడా అంటే లేదు. అరుపులు, చేతిలో ఏదుంటే అది విసరడం.

ఈయనకి ఒక నోట్‌బుక్ ఇచ్చాం. కోపం వచ్చిన ప్రతిసారీ రాయాలి, టైం, చోటు, ఏం జరిగింది, మనసులో ఏమనుకున్నారు, ఒంట్లో ఏమైంది, ఏం చేశారు, పదికి ఎన్ని మార్కుల కోపం. మొదటి వారం తెచ్చిన పేజీ ఇలా ఉంది. మంగళవారం, సాయంత్రం 6:40, షాపులో. కుర్రాడు బిల్లు తప్పు కొట్టాడు. తిట్టాను. లెడ్జర్ విసిరాను. 9. అంతే రాశాడు. మనసులో ఏమనుకున్నారు అన్న గడి ఖాళీ. ఇదేంటండీ అంటే "ఏమీ అనుకోలేదు మేడం, కోపమొచ్చింది అంతే" అంటాడు. దాదాపు అందరూ ఇలాగే అంటారు, నాకేం ఆలోచన లేదు, అది దానంతటదే వచ్చేసింది అని.

ఆ గడి నింపడానికి చాలా టైం పడుతుందండి, థెరపీలో సగం కష్టం అక్కడే. ఆ కుర్రాడు తప్పు కొట్టాడు సరే, ఎందుకు కొట్టాడనుకున్నారు? "పని మీద ధ్యాస లేదు, ఫోన్ చూసుకుంటాడు." అంటే? "అంటే మనమంటే లెక్కలేదు." అది మీకు ఎలా తెలుసు? "ఎన్నిసార్లు చెప్పానండీ! కావాలనే చేస్తున్నాడు." ఆఁ, ఇదిగో, ఇది రాయండి. కావాలనే చేస్తున్నాడు. తర్వాత నాలుగు వారాల పేజీలు ముందు పెట్టుకుని చూస్తే ఎక్కడ 8 దాటిన కోపముందో అక్కడ ఇదే మాట, మనుషులు మారారంతే. కుర్రాడు కావాలనే, భార్య కావాలనే, సిలిండర్ లేటు చేసిన గ్యాసువాడు కావాలనే. ఆయనే చూసుకుని నవ్వాడు, "అందరూ మీటింగ్ పెట్టుకుని నా మీద కుట్ర చేస్తున్నట్టుంది మేడం" అని.

ఇంకోటి కూడా కనపడింది. ఆ మంగళవారం ఆయన మధ్యాహ్నం భోంచేసింది నాలుగింటికి. ఐదింటికి కంపెనీ రిప్రజెంటేటివ్ వచ్చి బాకీ కోసం కూర్చున్నాడు. మిర్చి రేటు పడిపోయి రైతుల దగ్గర రావాల్సింది రాలేదు, వాళ్ళని గట్టిగా అడగలేడు, ఆ రిప్రజెంటేటివ్ మీద అరవలేడు, సరుకు ఆపేస్తాడు. 6:40కి కుర్రాడు దొరికాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే కదండీ. కాబట్టి 9 అనేది 6:40కి రాలేదు, ఐదింటికే 6 ఉంది, ఆయనకి తెలియలేదు.

మరి తెలియడమెలా? ఒళ్ళు ముందే చెప్తుంది. ఆయనకి చెవులు వేడెక్కుతాయి, ఇంకోటి, చేతిలో బాల్‌పెన్ను ఉంటే అది టిక్కుటిక్కుమని నొక్కుతూనే ఉంటాడు. ఇది ఆయనకి తెలియదు, నేనే నా గదిలో చూశాను, బాకీల గురించి మాట్లాడుతుంటే పెన్ను మొదలైంది. మీకిప్పుడు ఎంత అన్నాను. మూడో నాలుగో అన్నాడు. అదే మన టైం అన్నాను. 9 దగ్గర ఎవరూ ఏమీ చెయ్యలేరండి, ఏ సైకాలజిస్టు వచ్చి చెవిలో చెప్పినా వినపడదు, చెయ్యగలిగేదంతా నాలుగైదు దగ్గరే. పెన్ను టిక్కుమనగానే కౌంటర్ దిగి వెనక గోడౌన్‌లోకి వెళ్ళడం, ఊపిరి మెల్లగా వదలడం, పీల్చే దానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండాలి, భుజాలు వదులు చెయ్యడం, పది నిమిషాలు. దీన్ని మేం టైమౌట్ అంటాం. వెళ్ళే ముందు "పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి వెళ్ళాలి, చెప్పిన టైంకి తిరిగి రావాలి. ఇది చాలామంది మర్చిపోతారు. ఏమీ చెప్పకుండా తలుపు ధడేల్మని వేసి రెండు గంటలు బయట తిరిగి రావడం టైమౌట్ కాదండి, అది ఇంకో రకం కొట్టడం.

తర్వాత ప్రాక్టీస్. నేను ఆ షాపు కుర్రాణ్ణయ్యాను, కాగితం మీద బిల్లు తప్పు రాసి ఇచ్చాను. మొదటిసారి ఆయనకి నవ్వాగలేదు. రెండోసారి నేను ఫోన్ చూసుకుంటూ "ఏంటి సార్, చిన్న తప్పే కదా" అన్నాను, అంతే, మొహం మారిపోయింది, నిజంగానే వచ్చేసింది కోపం. అప్పుడు అక్కడే చేయించాం, ఊపిరి, ఆగడం, "కావాలనే" అన్నదాన్ని "చూసుకోలేదేమో" అని మార్చి చూడటం, ఆ తర్వాత మాట. మాట అంటే మెత్తగా అయిపోవడం కాదు, "రేపట్నుంచి బిల్లు నాకు చూపించి ఇవ్వు, మళ్ళీ తప్పొస్తే నీ జీతంలో చూసుకుంటా" అని మామూలు గొంతుతో చెప్పడం. ఆయన ఇది చాలాసార్లు చెయ్యాల్సి వచ్చింది. సిగ్గుగా ఉంటుంది, నాటకమేసినట్టు ఉంటుంది, కానీ పాఠం మొత్తంలో పనిచేసే ముక్క ఇదేనని నా అనుభవం.

చెల్లెలు వచ్చిందా అని అడుగుతారు, అందరూ అడుగుతారు. వచ్చింది. భోగి రోజొచ్చి కనుమ సాయంత్రానికి వెళ్ళిపోయింది, ముక్కనుమ కూడా ఉండమంటే ఉండలేదంట. ఈయనేమో నేనింత మారితే ఇంకా నమ్మరేంటని నా దగ్గర మళ్ళీ కోపం. (నవ్వులు) ఇన్నేళ్ళ అరుపులు విన్నవాళ్ళు మూడు నెలల్లో నమ్మేయాలంటే ఎలాగండీ. ఆయనకి కోపం పోలేదు, ఆ రిప్రజెంటేటివ్ మీద ఇప్పటికీ అరుస్తాడు, కానీ లెడ్జర్ విసరడం మానేశాడు, కుర్రాడు ఇంకా అదే షాపులో పనిచేస్తున్నాడు. థెరపీ ఫలితమంటే ఇలాగే ఉంటుంది, బుద్ధుడైపోవడం ఉండదు.

ఇప్పుడు మీలో చాలామందికి ఒక నమ్మకముంటుంది, కోపాన్ని లోపల దాచుకోకూడదు, కక్కేయాలి, లేకపోతే కుక్కర్ పేలినట్టు పేలుతుంది అని. హైదరాబాద్‌లో రేజ్ రూమ్‌లు కూడా వచ్చాయి, డబ్బులిచ్చి సీసాలు, కీబోర్డులు, టీవీలు పగలగొట్టి రావడం. సరదాకైతే వెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు, కోపం తగ్గుతుందని మాత్రం వెళ్ళకండి. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే ఆయన 2002లో ఒక ప్రయోగం బయటపెట్టాడు, 600 మంది కాలేజీ పిల్లలు. ముందు వాళ్ళతో ఒక వ్యాసం రాయించి, ఇంత చెత్త వ్యాసం నేను చదవలేదు అన్నట్టు వేరే స్టూడెంట్ తిట్టాడని చూపించారు. అందరికీ మండింది. తర్వాత కొందరికి పంచింగ్ బ్యాగ్ ఇచ్చి, నిన్ను తిట్టినవాణ్ణి తలుచుకుంటూ కొట్టు అన్నారు, కొందరిని ఒళ్ళు గట్టిపడుతుందని అనుకుంటూ కొట్టమన్నారు, కొందరిని ఊరికే రెండు నిమిషాలు కూర్చోబెట్టారు. ఎవరి కోపం ఎక్కువ మిగిలిందంటే తలుచుకుంటూ కొట్టినవాళ్ళది. తర్వాత ఆ తిట్టినవాడికి చెవుల్లో పెద్ద చప్పుడు వినిపించే అవకాశమిస్తే వీళ్ళే ఎక్కువ గట్టిగా వినిపించారు. ఊరికే కూర్చున్నవాళ్ళు అందరికన్నా నయం.

అదే బుష్‌మన్ ఇంకొకరితో కలిసి 2024లో 154 పరిశోధనలు, పదివేల పైచిలుకు మందిని కలిపి చూస్తే కూడా ఇదే తేలింది, ఒంటిని చల్లబరిచే పనులు, అంటే ఊపిరి, ధ్యానం, యోగా, కండరాలు వదులు చెయ్యడం, ఇవి కోపాన్ని తగ్గిస్తున్నాయి, ఒంటిని వేడెక్కించేవి మొత్తం మీద తగ్గించట్లేదు, జాగింగ్ అయితే పెంచేలా ఉంది కూడా. ఇక్కడ వాకింగ్‌కి వచ్చేవాళ్ళు కంగారు పడకండి, గుండెకి, షుగర్‌కి నడక మంచిదే. ఎవరితోనో గొడవ పడి, వాణ్ణి తలుచుకుంటూ కాలవగట్టు మీద పరుగెత్తి వస్తే చల్లబడతామనుకోవడమే పొరపాటు. స్నేహితుడికి ఫోన్ చేసి గంటసేపు వాణ్ణి తిట్టడం కూడా అంతే, తిట్టిన కొద్దీ మనకి కొత్త పాయింట్లు గుర్తొస్తాయి. (నవ్వులు)

గుండె అన్నాను కాబట్టి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. పెద్ద కోపం వచ్చిన తర్వాత రెండు గంటల్లో హార్ట్ ఎటాక్ వచ్చే అవకాశం మామూలు సమయం కన్నా రెండింతలకి పైగా ఉంటుందని 1995లోనే చూపించారు. 2024లో ఇంకోటొచ్చింది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళతో ఎనిమిది నిమిషాలు పాత కోపం గుర్తు చేయిస్తే చాలు, రక్తనాళాలు సరిగ్గా వ్యాకోచించే శక్తి 40 నిమిషాల దాకా తగ్గిపోయింది. గుర్తు చేసుకుంటేనే అంత. ఇంతకుముందే స్టెంట్ పడినవాళ్ళు దీన్ని కొంచెం సీరియస్‌గా తీసుకోండి.

ఇక ఎక్కడ పనిచెయ్యదో చూద్దాం, ఇది ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెప్తే మా వ్యాపారం పోతుంది.

ఆస్ట్రేలియాలో గొడవలు, దాడులు చేసి జైలుకొచ్చిన వాళ్ళకి చిన్న యాంగర్ మేనేజ్‌మెంట్ కోర్సు పెట్టి చూశారు, 2005లో ఆ ఫలితాలు వచ్చాయి. సగటున మార్పు చాలా తక్కువ. కానీ మొదలుపెట్టేటప్పుడే, అవును నాకు మారాలని ఉంది అన్నవాళ్ళలో మార్పు కనపడింది. జైళ్ళ మీదే వచ్చిన అధ్యయనాల్ని కలిపి 2015లో ఇంకొకరు లెక్కేస్తే, ఈ కోర్సుల తర్వాత మళ్ళీ హింసాత్మక నేరం చేసే అవకాశం 28 శాతం తగ్గిందని, కోర్సు మధ్యలో మానకుండా పూర్తి చేసినవాళ్ళని చూస్తే 56 శాతం తగ్గిందని వచ్చింది. మంచి నంబరే. కానీ కొంచెం ఆలోచించండి, పూర్తి చేసినవాడు ఎవడు? మారాలని ముందే ఉన్నవాడు. అందులో కోర్సు ఘనత ఎంత, మనిషి ఘనత ఎంత అనేది విడదీయడం కష్టం.

నా దగ్గరికీ వస్తారు ఇలాంటివాళ్ళు. ఆఫీసులో ఎవరినో బూతులు తిట్టాడని హెచ్‌ఆర్ వాళ్ళు పంపుతారు, మొదటి రోజే "మేడం, ఎన్ని సిట్టింగ్‌లకి సర్టిఫికెట్ ఇస్తారు" అని అడుగుతాడు. నోట్‌బుక్ ఇస్తే మూడు వారాలది ఒకే రోజు, ఒకే పెన్నుతో రాసుకొస్తాడు. ఇలాంటివాళ్ళతో మేం మొదట కోపం గురించి మాట్లాడం, ఇది నీకెందుకు అక్కర్లేదనుకుంటున్నావు, దీనివల్ల నీకేం పోయింది, అక్కడ మొదలుపెడతాం. కొందరు ఒప్పుకుంటారు, చాలామంది సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిపోతారు.

ఇప్పుడు భార్యని కొట్టేవాళ్ళ సంగతి. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా అమ్మలు, అక్కలు. ఇతను చెప్పేది, కోపమొస్తే నాకు కంట్రోల్ ఉండదు. సరే, మీ ఆఫీసులో సారు అంత మందిలో తిట్టాడు కదా, ఆయన్ని కొట్టారా? లేదు. ట్రాఫిక్ ఎస్సై చలానా రాసినప్పుడు? లేదు. ఇంట్లో కోపంలో ఏం పగలగొట్టారు? ఒకామె నాకు చెప్పింది, మూడుసార్లూ తన ఫోనే పగిలింది, ఒక్కసారి కూడా ఆయన ఫోన్ పగల్లేదు. కంట్రోల్ లేనివాడు ఎవరి ఫోనో చూసుకుని విసురుతాడా అండీ? కొట్టేటప్పుడు మొహం మీద కాకుండా బట్టల్లో కనపడని చోట కొడతాడా? అతనికి కంట్రోల్ నిక్షేపంలా ఉంది. అతనికి ఊపిరి వ్యాయామాలు నేర్పితే ఏమవుతుందంటే, ప్రశాంతంగా బెదిరించడం నేర్చుకుంటాడు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం డులూత్ ఊళ్ళో 1980ల మొదట్లో గృహహింస మీద పనిచేసినవాళ్ళు ఈ మాటే అన్నారు, ఇది కోపం సమస్య కాదు, ఆమె మీద పెత్తనం సమస్య అని. వాళ్ళ పద్ధతి మీద కూడా విమర్శలున్నాయి, అది అందర్నీ మార్చిందని నేననను, కానీ రోగం గుర్తుపట్టడంలో వాళ్ళే కరెక్టని నా ఉద్దేశం.

మన దగ్గర 2005 గృహహింస చట్టంలో 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కౌన్సెలింగ్‌కి పంపించొచ్చు. పంపితే రావాల్సిందే. కానీ పెద్దమనుషులు కూర్చుని, "కేసు ఎందుకమ్మా, మేం అబ్బాయిని కౌన్సెలింగ్‌కి పంపిస్తాం, నువ్వు కేసు వెనక్కి తీసుకో" అంటారు చూడండి, అక్కడ థెరపీ అనేది ఆమెకి ప్రమాదమవుతుంది. వెళ్తున్నాడుగా, మారతాడులే అని ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. అతను క్లాసుకి వెళ్తున్నా ఆమె రక్షణ ఏర్పాట్లు ఆమెకి ఉండాల్సిందే. 181 మహిళా హెల్ప్‌లైన్, అర్జెంటైతే 112. రాసుకోండి, మీకు కాకపోతే పక్కింటివాళ్ళకి పనికొస్తుంది.

తాగుడు ఉంటే ముందు దాని సంగతి చూడాలి. పగలు నా దగ్గర నేర్చుకున్నది రాత్రి క్వార్టర్ లోపలికెళ్ళాక గుర్తుండదు. అలాగే ఎప్పుడూ శాంతంగా ఉండే నాన్నగారు అరవై దాటాక ఉన్నట్టుండి బూతులు తిడుతున్నారు, చెయ్యి ఎత్తుతున్నారు అంటే నా దగ్గరికి కాదు, ముందు న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి, కొన్ని రకాల డిమెన్షియా, అంటే పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బులు, అలా కూడా మొదలవుతాయి. మగవాళ్ళలో డిప్రెషన్ కూడా చాలాసార్లు ఏడుపులా కాకుండా చిరాకులా కనపడుతుంది. నిద్ర సరిగ్గా లేకపోవడం, థైరాయిడ్, ఇవన్నీ చూడాలి. అన్నిటికీ కోపం తగ్గించే క్లాసే మందు అనేవాణ్ణి నమ్మకండి.

ఇంకో రకం కేసు చెప్పాలి, ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఒకావిడ కోడల్ని తీసుకొచ్చారు. "దీనికి కోపం చాలా ఎక్కువమ్మా, ఎదురు మాట్లాడుతుంది, గిన్నెలు ఎత్తేస్తుంది, కాస్త తగ్గించండి" అని. అత్తగారిని బయట కూర్చోబెట్టి ఆ అమ్మాయితో మాట్లాడితే, ఐదింటికి లేస్తుంది, ఇంటిల్లిపాదికీ టిఫిన్లు, క్యారియర్లు, తర్వాత స్కూల్లో టీచర్ ఉద్యోగం, సాయంత్రం వచ్చాక మళ్ళీ వంట, జీతం ఏటీఎం కార్డు మామగారి దగ్గర. ఆమె నోట్‌బుక్ రాస్తే నాకు కనపడిన కోపమల్లా సబబుగానే ఉంది! ఆమెకి కోపం తగ్గించుకోవడం నేర్పలేదండి, గిన్నెలు విసరకుండా, గొంతు పెంచకుండా, "నా కార్డు నా దగ్గర ఉంటుంది మావయ్యా" అని ఎలా చెప్పాలో ప్రాక్టీస్ చేయించాను. చెప్పింది. ఆ తర్వాత అత్తగారు ఆమెని నా దగ్గరికి పంపడం మానేశారు. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు కొట్టకండి, ఆ అమ్మాయి తర్వాత నాలుగు నెలలకి తనే వచ్చింది, ఇంట్లో మాటలు లేవట, కార్డు మాత్రం తన దగ్గరే ఉందట.

మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది. వాళ్ళు కొంగు బిగించి దుకాణాల మీదకి వెళ్ళిన రోజున ఎవరో వచ్చి, అమ్మా ఊపిరి మెల్లగా వదలండి అంటే ఎలా ఉండేది? అందుకే నా దగ్గరికి ఎవరినైనా పంపితే నేను ముందు చూసేది, పంపిందెవరు, ఎవరికి ఇబ్బందిగా ఉందని పంపారు అన్నది. జీతాలు మూడు నెలలు ఇవ్వకుండా సిబ్బందికి స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాస్ చెప్పమని ఒక సంస్థ పిలిచింది, నేను వెళ్ళలేదు.

సరే, ప్రశ్నలు. మాస్టారూ, చెప్పండి.

(సభలో ఒకరు: ఎన్నాళ్ళు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఎవరి దగ్గరికి వెళ్ళాలి?)

వారానికొకటి చొప్పున సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు సిట్టింగ్‌లు. అమెరికా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే గ్రూప్ మాన్యువల్ ఒకటుంది, అందులో కూడా పన్నెండు వారాలు, వారానికి గంటన్నర. నాలుగు వారాలైనా నోట్‌బుక్కూ లేదు, ఇంటి దగ్గర చెయ్యాల్సిన పనీ లేదు, ఊరికే కూర్చోబెట్టి మంచి మాటలు చెప్తున్నారంటే మానెయ్యండి. ఫీజు ఊరిని బట్టి, మనిషిని బట్టి ఉంటుంది, ముందే అడగండి, సిగ్గుపడకండి, మొత్తం ప్యాకేజీ డబ్బులు ఒకేసారి కట్టమంటే కట్టకండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడిగితే చూపించాలి. వీకెండ్ కోర్సు చేసి యాంగర్ కోచ్ అని బోర్డు పెట్టినవాళ్ళున్నారు. డబ్బులు లేకపోతే విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, ప్రభుత్వానివే, అక్కడికెళ్తే పిచ్చి అనుకుంటారేమోనని మానకండి. ఏమీ కుదరకపోతే టెలిమానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ ఉంది, 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

(సభలో ఒక మహిళ: మా ఆయన రానంటారు మేడం. నాకేం రోగమా అంటారు.)

కొడతారా అమ్మా? ... లేదు, అరుస్తారు. సరే. అయితే రమ్మని బతిమాలకండి, బతిమాలిన కొద్దీ బిగుసుకుంటారు. కోపం పేరు ఎత్తకుండా, ఆయనకే ఇబ్బందిగా ఉన్నదేదైనా ఉందా చూడండి, నిద్ర పట్టకపోవడమో, బీపీ తగ్గకపోవడమో, అబ్బాయి మాట్లాడకపోవడమో. బీపీ అయితే మీ ఫ్యామిలీ డాక్టర్‌తో చెప్పించండి, మన మగవాళ్ళు భార్య మాట వినకపోయినా బీపీ మెషీన్ మాట వింటారు. (నవ్వులు) అప్పటికీ రాకపోతే మీరొక్కరే రండి. ఆయన్ని మార్చడానికి కాదు, ఆయన అరిచినప్పుడు మీరేం చేస్తున్నారో చూసుకోవడానికి. ఆయన కోపం పదికి ఏడు దాటాక వాదన ఆపేసి, "అరుపులు తగ్గాక మాట్లాడదాం" అని చెప్పి పక్క గదిలోకి వెళ్ళడం, పిల్లల్ని తీసుకుని వెళ్ళడం, ఇవి మీరొక్కరైనా చెయ్యొచ్చు. కానీ ఎప్పుడైనా చెయ్యి లేచిందా, అప్పుడు నేను ఇంతకుముందు చెప్పిన నంబర్లు, నా నంబర్ కాదు.

ఇంకా చేతులు లేస్తున్నాయి, కానీ ఎనిమిదింటికి హాలు ఖాళీ చెయ్యాలంట, వాచ్‌మెన్ గారు ఇందాకట్నుంచి తాళంచెవి తిప్పుతూ నిలబడ్డారు, ఆయనది ఇప్పుడు నాలుగో ఐదో ఉన్నట్టుంది. (నవ్వులు) మిగతావి కింద టీ దగ్గర అడగండి.